చొక్కా ఇంటికి చేరింది

ఇస్త్రీ పెట్టె అందుకునే ముందు జేబు చూడాలి. తండ్రి దగ్గర మడతన్న నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. మూత ఊడిన పెన్ను ఒక్కటి చాలు, తెల్ల చొక్కా బతుకు అక్కడితో సరి. మరిచిపోయిన చిల్లర నాణెం మీదుగా పెట్టె పోనిస్తే, ఆ గుండ్రటి మచ్చను ఏ సబ్బూ వదిలించలేదు. కాబట్టి మడతన్న ఎడమ చెయ్యి ముందు జేబులోకి వెళ్ళేది, తర్వాతే కుడి చెయ్యి పెట్టె మీదికి వెళ్ళేది.

మడతన్న అనేది వీధి పెట్టిన పేరు. నాలుగంతస్తుల ఇళ్ళ వరసలో, ఒక ఇంటి మెట్ల కింద అతని కొట్టు. నిటారుగా నిలబడితే నెత్తికి మెట్టు తగిలే చోటు. ఏళ్ళ తరబడి అక్కడే మెడ వంచి పని చేసి చేసి, బయటికి వచ్చినా ఆ మెడ అలాగే ఉండిపోయింది. "నిన్నెవరో మడతపెట్టేశారు అన్నా" అని ఎదురింటి వాళ్ళు ఎగతాళి చేస్తే, "నీళ్ళు చల్లి రుద్దితే సరి, లేచి నిలబడతాను" అనేవాడు.

జేబుల్లో దొరకని వస్తువు లేదు. బస్సు టికెట్లు, సగం కొరికిన మాత్రలు, ఒకసారి ఒక పెద్దాయన కాగితంలో చుట్టి దాచుకున్న తన సొంత పన్ను. ఏది దొరికినా పాత పేపరు ముక్కలో చుట్టి, ఆ చొక్కాకే లోపలివైపు గుండుసూదితో గుచ్చి పంపేవాడు. ఈ పద్ధతి వెనకాల ఒక కథ ఉంది. మడతన్నకు పెళ్ళయిన కొత్తలో ఒక సారు జేబులో ఉత్తరం దొరికితే, నిజాయితీ కొద్దీ తీసుకెళ్ళి ఇంటావిడ చేతికే ఇచ్చాడు. ఆ ఉత్తరం రాసింది ఆవిడ కాదు. ఆ ఇంటి నుంచి మళ్ళీ ఒక్క గుడ్డ ముక్క రాలేదు. ఆ రోజు మడతన్న భార్య అతన్ని కూర్చోబెట్టి చెప్పింది. "చూడకు, చదవకు, అడగకు. ఎవరి జేబుది వాళ్ళ చొక్కాకే గుచ్చెయ్. నీకెందుకయ్యా ఊరి గొడవ?"

ఆవిణ్ని వీధంతా వదిన అనేవాళ్ళు. పెట్టె పని అతనిది, మూట పని ఆమెది. చంకన మూటతో మెట్లెక్కి దిగి, ప్రతి తలుపూ తట్టి, ఎవరి బట్టలు వాళ్ళకి ఇచ్చి వచ్చేది. "పెట్టె నీది, నోరు నాది" అనేది మొగుడితో. నిజమే. బట్ట కాలినా, ఆలస్యమైనా సర్దిచెప్పేది ఆమే. కాఫీ కూడా తాగని మనిషి. తాగితే అలవాటవుతుందట, అలవాటైతే ఒకరి ముందు చెయ్యి చాపాలట.

వీధి చివర ఇనుప గేటు ఇల్లు నాయకుడిది. చట్టసభలో పెద్ద గొంతున్న మనిషి. ఆయన తెల్ల బట్టలకు మడతన్న పెట్టే గంజి ఎంత గట్టిదంటే, కావాలంటే చొక్కా ఒక్కటే వెళ్ళి ఓట్లడిగి రాగలదు. ఆ ఏడు ఆయన మత్తుమందుల మీద కొత్త చట్టం తెచ్చాడు. తెచ్చిన సంబరంలో మైదానంలో సభ పెట్టాడు.

"ఎవరి చేతిలో దొరికితే ఆ చేతికే సంకెళ్ళు" అన్నాడు మైకులో. "నాకు తెలియదు, ఎవరో ఇచ్చారు, ఇది నాది కాదు, ఈ కథలు ఇక చెల్లవు. పేదా గొప్పా తేడా లేదు. రేపు నా కొడుకు చేతిలో దొరికినా సరే, ఇదే చట్టం, ఇదే జైలు."

మైదానం చప్పట్లతో మోగిపోయింది. మడతన్న కూడా కొట్టాడు. అతని చూపు మాత్రం ఆయన మాటల మీద కంటే చొక్కా చేతుల మడతల మీదే ఉంది, చెయ్యెత్తినప్పుడల్లా నలుగుతున్నాయేమోనని. ఇంటికొచ్చి చెబితే అత్తగారు, అంటే వదిన తల్లి, చేట పక్కన పెట్టి అంది:

"కొడుకు సంగతి ఎవరైనా అడిగారా?"

"లేదత్తా."

"మరి ఎందుకెత్తాడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందే."

"నీకన్నీ వంకరే కనిపిస్తాయి" అన్నాడు మడతన్న.

"వంకరగా ఉంటే వంకరగానే కనిపిస్తుంది నాయనా."

ఆ కొడుకును అందరూ చినబాబు అనేవాళ్ళు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. కారు ఆపి పలకరించేవాడు. మడతన్నను అన్నా అనేవాడు, వదినను ఆంటీ అనేవాడు. అతని జేబులో అంతకుముందు రెండుసార్లు గోరంత ప్లాస్టిక్ పొట్లాలు దొరికాయి, లోపల తెల్లపొడి. మడతన్న అలవాటు ప్రకారం చుట్టి, గుచ్చి పంపాడు. మొదటిసారి చినబాబు స్వయంగా మెట్ల కిందికి వంగి వచ్చి చెయ్యి కలిపాడు. "నీలాంటివాడు దేశానికి ఒక్కడు చాలన్నా" అన్నాడు. ఆ మాట మడతన్న ఇంట్లో చాలా రోజులు చెప్పుకున్నాడు, అత్తగారు విసుక్కునేదాకా.

మూడోసారి దొరికింది కొత్త చట్టం వచ్చాక. ఈసారి చెయ్యి ఆగింది. పొట్లాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇదేదో తేడాగా ఉందే" అన్నాడు భార్యతో.

ఆమె మూట కడుతూ తలెత్తలేదు. "మనదా?"

"కాదు."

"మరి మన దగ్గర దేనికి? పరుల సొమ్ము పాము. గుచ్చెయ్."

"బొగ్గుల్లో పడేస్తే పోదూ?"

"రేపు నా మందేదని అడిగితే? ఇంత బతుకూ బతికి చివరికి జేబుదొంగలం అనిపించుకుందామా?"

దొంగతనం అంటగడతారనే భయం తప్ప ఇంకో భయం ఆ ఇద్దరికీ తెలియదు. గుచ్చాడు. ఆమె మూట చంకనెత్తుకుని వెళ్ళింది.

చట్టం రాగానే ప్రతి స్టేషనూ కేసులు చూపించాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఇనుప గేటుకు ముందు మలుపులో ఇద్దరు పోలీసులు నిలబడ్డారు. జెండా ఉన్న కార్లకు సెల్యూట్ కొట్టి పంపుతున్నారు. గంపలు, గోతాలు, మూటలు దించమంటున్నారు. వాళ్ళలో చిన్నవాడి యూనిఫాం కూడా ఆ మెట్ల కిందే ఇస్త్రీ అవుతుంది.

"ఏం లేదులే వదినా, పైవాళ్ళ ఆర్డరు" అంటూ మూట విప్పాడు. వేళ్ళకు పేపరు పొట్లం తగిలింది. విప్పి చూసి, మళ్ళీ మూసేద్దామా అన్నట్టు ఒక క్షణం ఆగాడు. అప్పటికే పక్కనున్న పెద్ద పోలీసు చూసేశాడు.

"అది చినబాబుది బాబూ" అంది వదిన మామూలుగానే. "ఆ నీలం చొక్కా జేబులోది. అదిగో, ఆ గేటులోనే ఇచ్చేసి వస్తా."

పెద్ద పోలీసు నీలం చొక్కా వైపు చూశాడు. తర్వాత ఇనుప గేటు వైపు చూశాడు.

"ఏ చొక్కా?" అన్నాడు.

"అదే, మీ కళ్ళముందే ఉందిగా."

"నాకేం కనబడటం లేదమ్మా. ఆ మాట ఇంకెక్కడా అనకు, నీకే మంచిది."

పొట్లమూ ఆవిడా స్టేషనుకు వెళ్ళారు. చొక్కా మాత్రం ఆ సాయంత్రమే పోలీసు జీపులో, నలగకుండా కవరులో పెట్టుకుని, ఇనుప గేటు దాటి ఇంటికి చేరింది. కేసులో దాని ఊసే లేదు.

మడతన్న చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషనుకు పరిగెత్తాడు. "నేనండీ చుట్టింది, గుచ్చింది కూడా నేనే. ఆవిడ మోసిందంతే."

ఇన్‌స్పెక్టర్ అరిచే మనిషి కాదు. కుర్చీ చూపించాడు. "చుట్టేటప్పుడు చూశావా?"

"చూశానండీ."

"తేడాగా ఉందని తెలుసా?"

మడతన్నకు అబద్ధం రాదు. "అనుమానం వచ్చిందండీ."

"ఇప్పుడు ఆమె ఒక్కతే. నువ్వు ఈ మాట రాసిస్తే ఇద్దరవుతారు. ఇద్దరు కలిస్తే దాన్ని కుట్ర అంటారు, శిక్ష పెరుగుతుంది. ఆమెను వదిలేసి నిన్ను తీసుకోవడం ఉండదు, ఇద్దర్నీ తీసుకోవడమే. నీకో కూతురుందట కదా? ఆ పిల్లకు అన్నం ఎవరు పెడతారో ఇంటికెళ్ళి ఆలోచించుకో. తర్వాత కూడా చెప్పాలనిపిస్తే పొద్దున రా."

మడతన్న ఇంటికెళ్ళి ఆలోచించుకున్నాడు. పొద్దున వెళ్ళలేదు. ఆ తర్వాత అతని బతుకంతా ఆ వెళ్ళకపోవడం చుట్టూనే తిరిగింది.

వెళ్ళింది ఇనుప గేటుకు. నాయకుడి భార్య వరండాలోకి వచ్చింది. మంచినీళ్ళిప్పించింది, మెత్తగానే మాట్లాడింది.

"అమ్మగారూ, చొక్కా మీదేనని ఒక్క మాట చెప్పండి చాలు. పొట్లం గురించి మీరేం చెప్పొద్దు. చొక్కా మీదంటే మిగతాది లాయర్లు చూసుకుంటారట."

"ఆ రోజు మేం బట్టలేవీ వెయ్యలేదు కదా" అంది ఆవిడ.

ఆవిడ వెనకాల గదిలో, తలుపు కొక్కేనికి ఆ నీలం చొక్కా వేలాడుతోంది. మడతన్న దాని వైపు చూశాడు. అతను దేన్ని చూస్తున్నాడో ఆవిడా చూసింది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

"పాప చదువు సంగతి ఏదైనా ఉంటే మొహమాటపడకుండా అడుగు" అంది.

వీధిలో సాక్ష్యానికి ఒక్కరూ రాలేదు. జేబులోవి తిరిగి అందుకోని ఇల్లు ఆ వీధిలో లేదు. అలా ఉంగరాలూ తాళంచెవులూ అందుకున్న చేతులే కోర్టనేసరికి నొప్పులొచ్చి మంచమెక్కాయి. "మాకు తెలుసన్నా, మీరు అలాంటివాళ్ళు కాదు" అని మాత్రం అందరూ అన్నారు, తలుపు సగం తెరిచి.

కేసు నడవకుండానే ఏడాది గడిచింది. కోర్టు ఒక లాయరును ఇచ్చింది. చిన్నవయసు అమ్మాయి, మంచిది, చట్టం మీద ఇంకా నమ్మకం పోలేదు. మడతన్న ఆమెను లాయరమ్మా అనేవాడు. వదిన లోపల వంటశాలలో పని చేస్తోంది. పాపకు అమ్మమ్మే జడ వేస్తోంది. మూట మోసే మనిషి లేక మడతన్నే మెట్లెక్కుతున్నాడు, తలుపు తట్టడానికి మొహం చెల్లక గుమ్మంలో పెట్టి వచ్చేస్తున్నాడు.

అప్పుడు చినబాబు దొరికిపోయాడు. ఇంకో ఊళ్ళో, స్నేహితుడి అతిథి గృహంలో. అక్కడి పోలీసులకు అతనెవరో తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైంది, టీవీల వాళ్ళు వచ్చేశారు. వదిన దగ్గర దొరికింది గోరంత అయితే అక్కడ దొరికింది దోసెడు.

ఆ సాయంత్రం వీధి వీధంతా టీవీల ముందు కూర్చుంది. నాయకుడు కెమెరా ముందుకొచ్చాడు. నలిగిన చొక్కా వేసుకున్నాడు. అది కావాలని నలిపిన చొక్కా అని మడతన్న ఒక్కడికే తెలిసింది, ఆ ఇంటి బట్టలు ఇంకా అతనే చేస్తున్నాడు, పొద్దున దాన్ని గంజి పెట్టి ఇచ్చింది అతనే కాబట్టి.

"ఒక తండ్రిగా మాట్లాడుతున్నాను" అన్నాడు నాయకుడు. "ఇది నేరం కాదు, జబ్బు. మన పిల్లలు నేరస్తులు కారు, రోగులు. రోగికి కావలసింది సంకెళ్ళు కాదు, చికిత్స. మన చట్టానికి కన్ను ఉంది గానీ గుండె లేదు. ఆ గుండెను నేను పెడతాను."

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఏడుపు కాదు, పడిశం. "ఆ చట్టాన్ని పుట్టించింది ఆయనేగా, అప్పుడే గుండె పెట్టలేదా? మర్చిపోయాడు కాబోలు" అంది.

గుండె పెట్టడం చకచకా జరిగిపోయింది. చట్టసభలో అందరూ లేచి నిలబడి మరీ ఒప్పుకున్నారు. సొంతానికి వాడేవాళ్ళు రోగులు, వాళ్ళను చికిత్సకు పంపాలి. చేరవేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు నేరస్తులు, వాళ్ళకు పాత శిక్షే. చినబాబు కొండ మీద ఒక చికిత్సాలయానికి వెళ్ళాడు. చుట్టూ తోట ఉందట.

లాయరమ్మ మెట్ల కిందికి పరిగెత్తుకుంటూ వచ్చి తలకు మెట్టు తగిలించుకుంది. "చట్టం అందరికీ ఒకటే కదన్నా. మనమూ అడుగుదాం" అంది తల రుద్దుకుంటూ. తర్వాతి వారం మళ్ళీ వచ్చింది. ఈసారి మెల్లగా వంగి వచ్చింది.

"పట్టుకున్న రోజునే వదిన రక్తం పరీక్ష చేశారట. శుభ్రంగా ఉంది."

"మంచిదే కదా లాయరమ్మా. ఆమె కాఫీ కూడా తాగదు."

"అదే చెడ్డదన్నా. రక్తంలో మందు ఉంటే రోగి. లేకపోతే, సొంతానికి కాదుగా, మరి ఎందుకు పెట్టుకుంది అంటారు. అమ్మడానికే అంటారు."

మడతన్న పెట్టెను పక్కకు నిలబెట్టాడు. "అంటే, తాగి ఉంటే వదిలేసేవాళ్ళా?"

"వదిన తనకు అలవాటుందని జడ్జి ముందు ఒప్పుకుంటే, పట్టుబడేనాటికి అప్పుడే కొత్తగా మొదలుపెట్టానని చెబితే, ఒక అవకాశం ఉంది. వేరే దారి నాకు కనబడటం లేదు."

జైలు ములాఖత్ గదిలో జల్లెడ లాంటి ఇనుప వల. అవతల వదిన, ఇవతల మడతన్న. అతను చెప్పిందంతా ఆమె విన్నది.

"అదేం మాటయ్యా" అంది. "జైలుకెళ్ళిందంటే ఖర్మ అనుకుంటారు. మత్తుకు అలవాటు పడిందంటే ఏమనుకుంటారు? రేపు బళ్ళో పిల్లను ఏమంటారు?"

"బళ్ళో ఎవరికీ తెలియదు. కోర్టు మాట కోర్టులోనే ఉంటుందట."

"నువ్వు చెప్పమంటావా?"

"నువ్వు ఇంటికి రావాలంటాను."

"పిల్ల జడ ఎవరు వేస్తున్నారు?"

"మీ అమ్మ. బిగించి లాగుతుందట, ఏడుస్తోంది."

"సరే, చెబుతాలే" అంది వదిన.

జడ్జి వయసు మళ్ళిన మనిషి. వదిన బోనులో నిలబడి, లాయరమ్మ నేర్పినట్టే, నాకు అలవాటుందండీ అంది. అంతవరకూ బాగానే ఉంది. ఆపైన ఏం అడుగుతారో లాయరమ్మ ఊహించలేదు. ఆమెకూ ఆ సంగతులు తెలియవు.

"ఎలా తీసుకుంటావమ్మా?" అన్నాడు జడ్జి.

వదిన లాయరమ్మ వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. పొడి మందంటే ఇంట్లో ఎలా వేసుకుంటారో అదే చెప్పింది.

"పొద్దున్నే పరగడుపున, గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకునండీ. ఒక చెంచా."

కోర్టు గొల్లుమంది. గుమాస్తా నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు. పోలీసుల తరఫు లాయరైతే కూర్చోలేక లేచాడు. వదినకు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. మొహమాటానికి తనూ కాస్త నవ్వింది.

జడ్జి నవ్వలేదు. "నీకు అబద్ధం చేతకాదమ్మా" అన్నాడు. "ఆ పొట్లం ఎవరిదో నేను ఊహించగలను. కానీ ఊహ మీద తీర్పు రాయకూడదు. నీ చేతిలో దొరికింది, నీ రక్తంలో లేదు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చట్టసభ వాళ్ళు రాసిపెట్టారు. ఇంతకంటే తక్కువ వెయ్యడానికి నాకు వీల్లేకుండా చేశారు."

ఏడేళ్ళు వేశాడు. బోను దిగుతూ వదిన, "నీళ్ళు కాదా?" అని అడిగింది లాయరమ్మను. లాయరమ్మ ఫైలు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఏడాది తిరక్కుండా చినబాబు కొండ దిగి వచ్చాడు. బాగా తేరుకున్నాడు. నాయకుడు అతన్ని వెంటబెట్టుకుని ఊరూరా తిప్పాడు. మత్తు వదిలించుకున్న యువకుడి అనుభవాలు వినడానికి కాలేజీలు పిలిచాయి, ఆఫీసులు పిలిచాయి. చివరికి జైళ్ళ శాఖ పిలిచింది.

ఆ వారం ములాఖత్‌కు మడతన్న కాస్త ఆలస్యంగా వెళ్ళాడు. వదిన అప్పటికే వల దగ్గర నిలబడి ఉంది.

"మాకు మీటింగు పెట్టారయ్యా" అంది. "చినబాబు వచ్చాడు."

"బాగా మాట్లాడాడు. చీకట్లో పడిపోయాడట, వాళ్ళ నాన్న చెయ్యిచ్చి లేపాడట. చెబుతూ ఏడ్చాడు కూడా. నా పక్కావిడ కూడా ఏడ్చింది, పిచ్చిది. మొగుణ్ణి పొడిచి వచ్చింది, దానికీ దీనికీ సంబంధమేమిటో."

"నిన్ను చూశాడా?"

"చూడకేం? నన్ను ముందు వరసలో వేశారు, మత్తు కేసు అని. కిందికి దిగి నా దగ్గరికే వచ్చాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు. ఫొటోలు తీశారు."

"ఏమన్నాడే?"

"'నేను మానేశాను ఆంటీ. మీరూ మానేయండి' అన్నాడు."

పక్క వల దగ్గర ఎవరో చంటిపిల్లను ఎత్తి అవతలివాళ్ళకు చూపిస్తున్నారు.

"నువ్వేమన్నావు?"

"అలాగే బాబూ అన్నాను. ఇంకేమంటాను? అలవాటుందని కోర్టులో చెప్పుకుంది నేనేగా."

మడతన్న వల మీద వేళ్ళు పెట్టాడు. అవతలి నుంచి ఆమె కూడా పెట్టింది. వేలూ వేలూ తగిలేంత సందు ఆ వలలో లేదు.

"ఆ ఫొటో పేపర్లో గానీ వేశారా?" అంది వదిన. "పిల్ల బళ్ళో చూశారంటే..."

పేపరు అంతకుముందు ఆదివారమే వచ్చింది. మొదటి పేజీలో సగం ఆ ఫొటోనే. మత్తు మానేస్తానని మాటిచ్చిన మహిళా ఖైదీ అని కింద రాశారు. సోమవారం బడి నుంచి సగంలోనే ఇంటికొచ్చిన పాప, ఇక వెళ్ళనని సంచీ మంచం కిందికి తోసేసింది. అమ్మమ్మ బతిమాలింది, కొట్టింది, ఏడ్చింది. లాభం లేకపోయింది. ఈ రోజు ములాఖత్‌కు మడతన్న ఆలస్యం కావడానికి కారణం కూడా అదే, పాపను బడికి తీసుకెళ్దామని పొద్దున మరోసారి ప్రయత్నించి ఓడిపోయి వచ్చాడు.

"వెయ్యలేదు" అన్నాడు మడతన్న.

"నిజంగా?"

"వేస్తే నేను చూడనా. పాపకు ఈ వారం పరీక్షలు, బాగా రాస్తోంది."

ఆమె మొహంలో బిగువు సడలింది. ఈసారి అతని అబద్ధం అతికింది.